చూడాలంటే గురిపెట్టాల్సిన దీపం

డ్రై ఫోర్క్ కౌంటీ వన్యమృగ నియంత్రణాధికారి శ్రీ లామర్ పెండిల్టన్ గారి సముఖమునకు,

వయోమింగ్ రాష్ట్రం, సదరు కౌంటీ, ఉత్తర వాగు రోడ్డు కాపురస్తుడు, గొర్రెల పెంపకందారు వెర్ల్ ఆస్ట్రప్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రాత్రివేళ గొర్రెపిల్లలను ఎత్తుకుపోవు కయోటీ తోడేళ్ళను కాల్చుటకు తమ కార్యాలయము ఆమోదించిన తుపాకీ దీపమునకు బదులు దూరము పారు దీపమును నేనే ఎంచుకొనుటకును, తుపాకీ ఎత్తుటకు ముందు చేతి దీపముతో చూచుటకును అనుమతి కోరుట. మా తండ్రిగారి ప్రాణము నిమిత్తము.

సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, ఇదే విషయమై నేను ఇదివరకు పంపుకొన్న అర్జీకి తమ కార్యాలయమునుండి "నిబంధనలు చూడుడు" అని ఒక్క వాక్యము జవాబుగా వచ్చినది. చూచితిని. చూసిన మీదటే మళ్ళీ రాస్తున్నాను. ఈసారి దయచేసి చివరిదాకా చదవండి.

1. దీపమును గురించి. తమ ఆమోదిత జాబితాలోని దీపములన్నియు ల్యూమెన్లు ఎక్కువ గలవి. ల్యూమెన్లనగా దీపములోంచి అన్ని దిక్కులకూ కలిపి బయటికొచ్చే వెలుతురు. జాబితా తయారు చేసినవారు ఆ అంకె ఎంత పెద్దదైతే దీపం అంత గొప్పదని అనుకున్నట్టున్నారు. నాకు కావలసింది అవతల గొర్రెల దగ్గరికి చేరే వెలుతురు. దానికి క్యాండెలా అని వేరే కొలత ఉంది. జాబితాలో ఆ గడే లేదు.

జాబితాలోని దీపం ఇళ్ళలో దూరిన దొంగల్ని పట్టే పోలీసులకు బాగా పనికొస్తుంది. గదిలో నాలుగు మూలలూ ఒకేసారి కనబడాలి వాళ్ళకి. నా పచ్చికబయలుకి మూలలు లేవు. గొర్రెలు ఈనే కాలంలో వాగు మీంచి మంచు లేస్తుంది. ఆ దీపం వేస్తే ముఖం ముందు తెల్లదుప్పటి ఆరేసినట్టుంటుంది. నా తుపాకీ గొట్టం మాత్రం బ్రహ్మాండంగా కనబడుతుంది. రెండు వందల గజాల అవతల రెండు కళ్ళు మెరుస్తాయి, ఆ కళ్ళు ఎవరివో తెలీదు.

పట్నంలో తుపాకుల కొట్టు నడిపే డ్యూయిన్ నన్ను కొట్టు వెనక్కి తీసుకుపోయి వేరే దీపం చూపించాడు. బల్బు చుట్టూ లోతైన అద్దపు గిన్నె, వెడల్పాటి మూతి. వెలుతురు చెదరకుండా సన్నటి ధారగా పోతుంది. దాంతో ఊరవతల నీళ్ళ ట్యాంకు మీద పిల్లలు రాసిన బూతుమాట కూడా చదువుకున్నాం. చలికి బ్యాటరీ చప్పున దిగిపోదనీ, తుపాకీ పేలిన అదురుకి ఆరిపోదనీ చెప్పాడు. ఎర్రద్దం తొడిగితే మంద బెదరదట.

"ఇదే ఇచ్చెయ్" అన్నాను.

"నీ పర్మిట్‌కి ఇది కుదరదు వెర్ల్. లిస్టులో లేదు. లిస్టులోది బిగించుకో, దీన్ని కల్లో చూసుకో" అన్నాడు డ్యూయిన్. వాడికి నవ్వులాటగానే ఉంటుంది, వాడికి గొర్రెల్లేవు.

2. చేతి దీపమును గురించి. రాత్రివేళ పొలములో చేతి దీపముతో తిరుగరాదనియు, మృగములను వెదుకరాదనియు, పర్మిట్టుదారుడు తుపాకీకి బిగించిన దీపమును మాత్రమే వాడవలెననియు, ఒంటి వేడిని చూపు యంత్రములును నిషిద్ధమనియు తమ నిబంధన. దానితోపాటే, కాల్చుటకు ముందు లక్ష్యమును నిశ్చయముగా గుర్తించవలెననియు నిబంధన. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవవలసిందిగా ప్రార్థన. గుర్తించాలంటే వెలుతురు వెయ్యాలి. వెలుతురు తుపాకీకే ఉంది. అంటే అక్కడున్నది ఏమిటో తెలుసుకోవడానికి ముందు నేను దానికి తుపాకీ గురిపెట్టాలి. నా చిన్నప్పుడు మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, చంపదలుచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదని. తమ నిబంధన పాటించాలంటే చీకట్లో కదిలిన ప్రతిదాని వైపూ తిప్పాలి.

3. జరిగిన సంగతి. మా తండ్రిగారు శ్రీ ఆర్డెన్ ఆస్ట్రప్ గారికి మతిమరుపు జబ్బు ముదిరినది. నన్ను గుర్తుపట్టరు. నా భార్య కోలీన్‌ని వంటమనిషి అనుకుంటారు, మంచి వంటమనిషి దొరికిందని నాతో మెచ్చుకుంటారు కూడా. గొర్రెల్ని మాత్రం గుర్తుపడతారు. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో నాకంటే ముందు చెప్తారు. రాత్రి లేచి మంద దగ్గరికి వెళ్ళిపోతారు. గడియ పెట్టాం, తీశారు. తాళం వేస్తే కిటికీలోంచి దిగారు. మళ్ళీ మూసేస్తే తలుపు పట్టుకుని, "గొర్రె ఈనుతుంటే మగాణ్ణి ఇంట్లో కట్టేస్తారా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ ఏడుపు విన్నాక కోలీన్ మళ్ళీ తాళం వెయ్యలేదు. వెయ్యమని నేనూ అడగలేదు.

ఆ రాత్రి ఆయన పక్కమీదే ఉన్నారని చూసుకుని బయటికి వెళ్ళాను. పైన తెలిపిన దీపమును పైన తెలిపిన తుపాకీకి బిగించుకొని, నిబంధనల ప్రకారము దిగువ బయలును పరిశీలించుచుండగా, వంగియున్న ఒక గోధుమవన్నె ఆకారము, దాని పక్కన మెరుస్తున్న రెండు కళ్ళు, కింద గిలగిల కొట్టుకుంటున్న గొర్రెపిల్ల కనబడినవి. కయోటీ పిల్ల గొంతు పట్టినదని నిశ్చయించుకొంటిని. తుపాకీ భద్రతా మీట తీశాను. వేలు పెట్టాను. కాల్చేవాణ్ణే. తల్లి గొర్రె పారిపోకుండా ఎందుకు పడుకునుందా అని ఒక్క క్షణం ఆగాను. అంతే, ఆ ఒక్క క్షణమే.

సదరు ఆకారము చెయ్యి ఎత్తి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "ఎవడ్రా అది? లైటార్పు! తల్లి బెదురుతోంది!" అని అరిచింది.

సదరు ఆకారము మా నాన్న. గోధుమరంగు గొర్రెతోలు కోటు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, గొర్రెకి పురుడు పోస్తున్నాడు. ఆ కళ్ళు మా కాపలా కుక్క జనరల్‌వి. నేను తుపాకీ కింద పెట్టి ఎలా నడిచానో తెలీదు. దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

"ఒంట్లో బాలేదా బాబూ?" అన్నాడు. "చేతులు కడుక్కుని రా. లోపల ఇంకోటుంది. నా వేళ్ళకి పట్టు దొరకట్లేదు."

రెండో పిల్లని నా చేత లాగించాడు. నా చేతులు వణుకుతుంటే, "మా వాడికీ మొదట్లో ఇలాగే వణికేవి. ఇప్పుడు వాడంతటోడు లేడు. ఎక్కడున్నాడో మరి, ఈమధ్య కనబడట్లేదు" అన్నాడు.

ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని నాకు తెలుసు. కానీ ఏ గడిలో రాయాలో తమరే చెప్పండి.

4. కాల్చుట మానుకొనరాదా అని తమరు అడుగవచ్చును. ఆ రాత్రి నుంచి మానుకున్నాను. తుపాకీ డ్యూయిన్ కొట్లో పెట్టి తాళం వేయించాను. అప్పటినుంచి రోజూ తెల్లారేసరికి పిల్లలు పోయిన తల్లులు పొదుగులు నిండి అరుస్తూ తిరుగుతున్నాయి. మా నాన్న వాటి వెనకే తిరుగుతూ, పిల్లలేవని నన్ను అడుగుతున్నాడు. జనరల్ ముసలిదైంది, ఒక్కతే ఎన్ని కయోటీల్ని తరుముతుంది? ఇలాగే సాగితే వచ్చే ఏడాదికి మందే ఉండదు. మంద లేకపోతే ఆయన గుర్తుపట్టేది ఈ లోకంలో ఇంకేమీ మిగలదు. కాలిస్తే ఆయన్ని కాలుస్తానేమోనని భయం. కాల్చకపోతే ఇది. నాకు నిద్ర పట్టడం లేదండీ.

5. నిబంధన పుట్టుపూర్వోత్తరములు. చేతి దీపములను నిషేధించినది స్వయముగా మా తండ్రిగారే. ఆయన కౌంటీ బోర్డు అధ్యక్షులుగా ఉన్న రోజుల్లో దొంగ వేటగాళ్ళు పికప్ బళ్ళలోంచి చేతి దీపాలు వేసి జింకల్ని కొట్టేవారు. ఒక రాత్రి జింకనుకొని మా చూడి గుర్రాన్ని కాల్చారు. ఆయన సభలో నిలబడి ఆ నిబంధన తెచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అందుచేత తమరిని ఒక్కరినే తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు.

తమ కార్యాలయ గుమాస్తా ట్వైలా గారికి ఈ సంగతి తెలుసు. ఆమె నన్ను నిక్కర్ల నాటినుంచి ఎరుగును. మొన్న ఆఫీసు కిటికీ దగ్గర నవ్వింది.

"ఒరే వెర్ల్, ఆ రూలు పెట్టింది మీ నాన్నే కదరా! వెళ్ళి ఆయన్నే తీసెయ్యమను."

"ఆయనకి రూలు కాదు ట్వైలా పిన్నీ, నేనే గుర్తులేను" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపేసింది. లోపలికి పిలిచి కాఫీ పోసి, కాగితం కలం చేతికిచ్చి, "మళ్ళీ రాయి. ఈసారి మా ఆఫీసరు బల్ల మీద నేనే పెడతాను" అంది. ఆమెను ఇందుకు దండించవద్దని మనవి.

కావున ఏలినవారు దయయుంచి, (అ) దూరము పారు సన్నధార దీపమును జాబితాతో నిమిత్తము లేకుండా నా తుపాకీకి బిగించుకొనుటకు, (ఆ) నా భార్య కోలీన్ చేతి దీపముతో ముందు చూచి, అక్కడ మనిషి లేడని చెప్పిన తరువాతనే నేను తుపాకీ ఎత్తుటకు అనుమతి ఇప్పించవలెనని, ఈతల కాలము ముగియకమునుపే ఈ మనవిని చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
వెర్ల్ ఆస్ట్రప్

తా.క. నిబంధన తెచ్చిన పెద్దమనిషే రద్దు కోరుతున్నట్టు సంతకం ఉంటే అర్జీకి బలమొస్తుందని కోలీన్ అంది. ఇందాక ఈ కాగితాలు మా నాన్నకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, బోర్డులో కూర్చున్నప్పటిలాగే ప్రతి పేజీ వేలు పెట్టి చదివాడు. చదివి నా వంక చూశాడు.

"బాగా రాశావ్ బాబూ. ఇందులో ముసలాయన నీకేమవుతాడు?"

"మా నాన్నండీ."

"రాత్రిపూట ఒక్కడే వెళ్తున్నాడా?"

"అవునండీ."

"మరి ఈ కాగితాలెందుకు? నువ్వు కూడా వెళ్ళు."

సంతకం పెట్టలేదు. కోటు వేసుకోవడానికి లేచాడు. నల్లచెవుల గొర్రె ఈ రాత్రి ఈనుతుందట. నేనూ వెళ్తున్నాను. తుపాకీ లేదు. చేతిలో దీపం ఉంటుంది, అది తమ నిబంధన ప్రకారం నేరమే. పట్టుకోదలుచుకుంటే దిగువ బయల్లో ఉంటాం, రండి. కాకపోతే లైటు ఆర్పి రండి, తల్లులు బెదురుతాయి.