సూది పెట్టాక ఎత్తకూడదు

విద్యుత్ కార్యాలయం పద్దుల విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని, రేడియోలు బాగుచేసిన మెకానిక్ గారి భార్యను, ఒక కొడుక్కీ ఒక కూతురికీ తల్లిని, ఒక మనవరాలికి అమ్మమ్మను అయిన నేను నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో సత్తువ తగ్గింది గాని బుద్ధి ఎక్కడికీ పోలేదు. నిన్న డాక్టరుగారు వచ్చి నన్ను వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. పెట్టాను. మధ్యలో తప్పింది ఆయనే. కనుక ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్నానన్న సంగతికి ఆయనే రుజువు. ఇదివరకు రాసిన వీలునామా ఇంతటితో రద్దు. అందులో తప్పులేమీ లేవు. దాన్ని రాసిన తరవాత ఇంట్లో పరిస్థితులు మారాయి, అంతే.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత ప్రతి శనివారం నేను పాటలు వేసే మా రేడియో స్టేషనులో సౌండు చూసే ఆయనకు అప్పగిస్తున్నాను. గది అవతల ఫ్యాను రెక్క వదులైనా ఇవతలి నుంచే పసిగడతాడు గనుక మేమందరం ఆయన్ని చెవులాయన అంటాం. నా తదనంతరం మొదటి శనివారం లోపల, మా ముందుగదిలో, నా కొడుకు, కూతురు, మనవరాలు, తోటికోడలు కూర్చుని ఉండగా ఆయన దీన్ని పైకి చదవాలి. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎవరూ లేవకూడదు, అడ్డు రాకూడదు, ఫోను చూసుకోకూడదు. మా రేడియో కార్యక్రమానికి ఉన్న ఒకే ఒక నియమం దీనికీ వర్తిస్తుంది. రికార్డు మీద సూది పెట్టాక ఎత్తకూడదు. మధ్యలో ఎవరైనా లేస్తే, వాళ్లు వచ్చి కూర్చునేదాకా ఆగి మళ్లీ మొదటి నుంచి చదవమని చెప్పాను. ఆయనకు ఓపిక ఎక్కువ. నన్నే భరించాడు.

2. నేనుంటున్న ఫ్లాటు నా కొడుక్కీ కూతురికీ చెరిసగం. అమ్ముకుంటారో అద్దెకిస్తారో వాళ్లిష్టం. బ్యాంకులో ఉన్నదీ అంతే. వంటింటి కుళాయి ఎడమకు తిప్పితే మూసుకుంటుంది, కుడికి కాదు. కొనేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాలి. దాచి అమ్మితే అది నా పేరుకు మచ్చ.

3. నా చేతి గాజులు, చెక్క బీరువా, కిటికీ పక్క పేము కుర్చీ నా కూతురికి. నాకూ తన కూతురికీ మధ్య అది ఇన్నాళ్లూ అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది. ఈ మధ్య మనవరాలు నాతో వాదించడం మానేశాక ఆ అడకత్తెర ఒక వైపే మిగిలింది. అయినా అది నలగడం మానలేదు. ఆ కుర్చీలో కూర్చుని, ఎవరికీ సర్దిచెప్పకుండా, ఒక సాయంత్రమైనా ఊరికే కిటికీలోంచి చూడమని నా కోరిక. ఇది షరతు కాదు, కోరికే.

4. నా తోటికోడలికి ఒక రికార్డు. ఏదో తనకు తెలుసు. ఇంట్లో చుట్టాలున్నారు, నాలుగు పాటలు వినిపిస్తానని పట్టుకెళ్లింది. ఎన్నాళ్లకీ ఇవ్వకపోతే నేనే వెళ్లాను. వరండాలో పూలకుండీ కింద కనిపించింది. “నీళ్లు నేలమీదికి కారకుండా పళ్లెంలా బావుందక్కా” అంది. రికార్డుకు అంచు ఉండదు, పైగా మధ్యలో చిల్లు ఉంటుంది. ఇంత చదువుకున్న మనిషికి నీళ్లు ఎటు పోతాయో తట్టలేదు. కుండీ అడుగు గుండ్రంగా అచ్చుపడ్డ ఆ రికార్డును సర్వహక్కులతో తనకే ఇస్తున్నాను. నేను తనను క్షమించి చాలాకాలమైంది. మరిచిపోలేదు. అవి రెండూ వేరువేరు పద్దులు.

5. నా మంచం పక్క చిన్న రేడియో నా కొడుక్కి. దాని ముల్లు మా స్టేషను మీదే ఉంది, కదపకూడదు. “అమ్మా, ఆ రికార్డులన్నీ అమ్మేస్తే ఒక గది ఖాళీ అవుతుంది” అని వాడు చాలాసార్లు అన్నాడు. మా కార్యక్రమం ఒక్కసారి కూడా వినలేదని కూడా అన్నాడు. అయితే శనివారం నేను ఏ రికార్డు పేరైనా తప్పు చెబితే ఆదివారం వచ్చి దిద్దేవాడు. స్టేషను కింద చెప్పుల దుకాణం ముందు కారు ఆపుకుని, గంటసేపు అందులోనే కూర్చుని విని, అప్పుడే వచ్చినట్టు నన్ను ఇంటికి తీసుకెళ్లేవాడు. నాయనా, నాకు తెలుసు. చెప్పుల దుకాణం వాడు చెప్పాడు.

వాడికి ఈ రేడియోతో పాటు ఒక పని కూడా ఉంది. తన మేనకోడలితో ఒక మాట చెప్పాలి. ఏమాటో నేను రాయను. రాస్తే చదివి అప్పజెప్పేస్తాడు. ఎందుకు చెప్పాలో ఏడో అంశంలో తెలుస్తుంది.

6. ఇక రికార్డులు. గోడ పొడవునా ఉన్న నా జాజ్ రికార్డులు మొత్తం, అలమారుతో సహా, నా మనవరాలికి చెందుతాయి. విడదీయకూడదు, తూకానికి వేయకూడదు. అవి ఎలా వచ్చాయో కూడా అందరికీ తెలియాలి.

మా ఆయన దుకాణానికి ఎవరో ఒక రికార్డు ప్లేయరు బాగుకు తెచ్చారు. లోపల ఒక రికార్డు ఉండిపోయింది. నల్ల అట్ట, దాని మీద ఒకే ఒక్క ట్రంపెట్ బొమ్మ. యంత్రం బాగైందో లేదో చూడటానికి ఆయన దాన్ని తిప్పారు. నేను టిఫిన్ క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. ఆఫీసులో రోజంతా అంకెలన్నీ చెప్పిన గడిలో కూర్చునేవి. ఇక్కడ ఒక్క స్వరమూ చెప్పిన చోట కూర్చోవడం లేదు, అయినా చివరికి లెక్క సరిపోతోంది. అలాంటిది ఒకటి ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. యంత్రం పట్టుకెళ్లిన మనిషి రికార్డు కోసం మళ్లీ రాలేదు. ఆ తరవాత కొన్నవన్నీ నావి. ఆ ఒక్కటీ మనది కాదు.

మనది కానిది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. రిటైరయ్యాక స్టేషనువాళ్ల దగ్గరికి వెళ్లింది అందుకే. ఆ పాట వేస్తే దాని సొంతదారు విని వస్తాడని. వచ్చినవాళ్లకు కొదవ లేదు. రెండో వైపున చీటీ పక్కన ఒక గుర్తుంది, అదేమిటని అడిగితే ఒకాయన గీత అన్నాడు, ఒకావిడ తన ముద్దుపేరు అంది. ఎవరూ సరిగా చెప్పలేదు. ఆ గుర్తు ఇక్కడా రాయను, ఇది నలుగురి చేతుల్లో పడే కాగితం. చెవులాయనకు చెవిలో చెప్పాను. ఆ రికార్డుకు నా మనవరాలు కాపలాదారు మాత్రమే. సొంతదారు వచ్చిన రోజున మంచినీళ్లిచ్చి, రికార్డు కూడా ఇచ్చి పంపాలి.

అలా మొదలైన కార్యక్రమంలోకి నా మనవరాలు కాలేజీ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. “అమ్మమ్మా, నీ పాటలు ఎవరో నిద్రలేచి ఆవలిస్తున్నట్టుంటాయి” అంది. పంక్ అని అది పిలిచే హోరు పాటల రికార్డు ఒకటి విని, “నీ పాట గిన్నెల బుట్ట మెట్ల మీంచి దొర్లినట్టుంది” అన్నాను. ఇద్దరం మైకు ముందే అన్నాం. ఆ వారం నుంచి వినేవాళ్లు నన్ను పెద్దావిడ అనీ, దాన్ని గిన్నెలమ్మాయి అనీ పిలవడం మొదలుపెట్టారు. కార్యక్రమానికి ‘చెరొకటి’ అని పేరు పెట్టాం. నాదొకటి, దానిదొకటి. అవతలివాళ్ల రికార్డు నచ్చకపోయినా అయిపోయేదాకా నోరెత్తకూడదు, సూది ఎత్తకూడదు. ఈ నియమం నేను పెట్టలేదు. నేను దాని పాట సగంలో ఆపబోతే అది పెట్టింది.

7. ఇక్కడి నుంచి నేను నా మనవరాలితో మాట్లాడుతున్నాను. మిగతావాళ్లు వినవచ్చు.

ప్రతి ఆదివారం వస్తావు. నా గోళ్లు తీస్తావు, మందులు సర్దుతావు, లోకం మీదున్న కబుర్లన్నీ చెబుతావు. ఆ శనివారం మాట ఎత్తగానే “అమ్మమ్మా, వద్దు” అని లేచిపోతావు. అందుకే నువ్వు లేవడానికి వీల్లేని చోట రాశాను. కూర్చో.

ఆ రోజు నువ్వు తెచ్చింది నీ సొంత రికార్డు. నువ్వూ నీ స్నేహితురాళ్లూ కలిసి పాడి అచ్చువేయించుకున్న చిన్న రికార్డు. మెట్లెక్కుతూ దాన్ని రెండుసార్లు అట్టలోంచి తీసి చూసుకున్నావు. నా పెద్ద రికార్డు నిమిషానికి ముప్పైమూడు చుట్ల వేగంలో తిరుగుతుంది, నీ చిన్నది నలభైఐదులో. మధ్యలో మీట మార్చడం ఎప్పుడూ నీ పనే. ఆ రోజు మరిచిపోయావు. సూది పెట్టావు. పాట బురదలో నడిచే మనిషిలా అడుగు తీసి అడుగు వేస్తూ బయటికొచ్చింది. సూది వైపు చెయ్యి చాచావు. నేను నీ మణికట్టు పట్టుకున్నాను. పాట అయిపోయేదాకా వదల్లేదు.

నువ్వు చెయ్యి విడిపించుకుని మెట్లు దిగి వెళ్లిపోయావు. ఇంటికెళితే మీ మామయ్య “ఏమే, నీ పాటకు జ్వరం వచ్చిందా?” అన్నాడట. వాడు నవ్వించాలని అన్నాడు. వాడికి నవ్వించడం చేతకాదు, చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు మళ్లీ మైకు ముందుకు రాలేదు. నేను నియమం కోసం నీ చెయ్యి పట్టుకున్నానని, నీ పరువు కంటే నాకు పద్ధతే ముఖ్యమని నువ్వు మీ అమ్మతో అన్నావు.

నియమం కోసం పట్టుకోలేదు. అది నాకప్పుడు గుర్తే లేదు. వింటున్నాను, అందుకు పట్టుకున్నాను.

అంతకుముందు నువ్వు వేసిన పాటల్లో ఒక్క ముక్క నాకు అర్థమైతే ఒట్టు. అన్నీ పరుగే. ఆ రోజు మొదటిసారి నీ మాటలు ఒకదాని వెనక ఒకటి, వరసగా, నిదానంగా వచ్చాయి. “ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నా” అని నువ్వు మళ్లీ మళ్లీ పాడావు. ఆ వేగంలో నీ పల్చటి గొంతు బరువెక్కి, అడుగుకు దిగి, అచ్చం నా గొంతైంది. నా గొంతు ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. ఆఫీసులో అంతకాలం పనిచేశాను, ఇంట్లో ఇంతకాలం వండాను, నీకేమిష్టం అని నన్ను అడిగినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు. రికార్డులు వేసి, వాటితో చెప్పించాను. నువ్వు సూది ఎత్తేస్తే ఆ మాట సగంలో ఆగిపోయేది. అందుకే పట్టుకున్నాను.

నువ్వు వెళ్లిపోయాక స్టేషనుకు ఫోను వచ్చింది. నేనే తీశాను. ఆసుపత్రిలో నర్సునని, డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులేసుకోబోయి గుమ్మంలో ఆగిపోయానని చెప్పింది. “చివర్లో వేశారే, ఆ పాట ఎవరు పాడారండీ? మీరేనా?” అని అడిగింది. కాదు, నా మనవరాలు అన్నాను. “గిన్నెలమ్మాయా!” అంది. మళ్లీ ఎప్పుడు వేస్తారని అడిగింది. ఇప్పటికీ ఆ జవాబు ఆవిడకు బాకీ.

నీ రికార్డును మరుసటి సోమవారమే నేను కొనుక్కున్నాను. ఇంట్లో నలభైఐదులో పెట్టి కూడా విన్నాను. గిన్నెలే. కాని ఇప్పుడు ఏ గిన్నె ఎక్కడ పడుతోందో తెలుస్తోంది.

8. స్టేషను నడిపే ఆయన నా తదనంతరం మా గంటను పాత కార్యక్రమాలకు ఇచ్చేస్తానన్నారు. ఒక్క శనివారం మాత్రం ఖాళీగా ఉంచడానికి ఒప్పించాను. బతిమాలలేదు, వాదించాను. ఈ వీలునామా చదివిన తరవాత వచ్చే శనివారం సాయంత్రం స్టేషను గదిలో, మైకు తెరిచి ఉందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతుంది. కుర్చీలో ఎవరైనా ఉన్నా, లేకపోయినా వెలిగించమని చెవులాయనకు చెప్పాను.

నువ్వు వెళ్లాలని షరతు పెట్టడం లేదు. వెళ్లకపోయినా రికార్డులు నీవే, అలమారు నీదే. షరతు పెడితే నువ్వు వెళతావు, నాకు తెలుసు. అలా వెళ్లడం నాకొద్దు. వెళితే మాత్రం నా కుర్చీలో కూర్చో, నీ కుర్చీ కిర్రుమంటుంది. ముందు ట్రంపెట్ బొమ్మ రికార్డు వెయ్యి, దాని మనిషి ఇంకా వింటున్నాడేమో. తరవాత నీది వెయ్యి. ఏ వేగంలో వెయ్యాలో నేను చెప్పను. మీట మీద చెయ్యి పెట్టి, ఇష్టమైన వైపు తిప్పుకో. తిప్పడం మరిచిపోయినా సరే.

పైన రాసినవన్నీ నేనే రాసి, మళ్లీ చదువుకుని, రెండుచోట్ల పొల్లు దిద్ది, ఒప్పుకుని సంతకం చేస్తున్నాను. ఇందులో లేనిది ఇచ్చానని గాని, ఉన్నది ఇవ్వనన్నానని గాని ఎవరన్నా చెల్లదు.

తేదీ: మార్చి పదకొండు, ఆదివారం, మనవరాలు వచ్చేలోపు.

సంతకం: పెద్దావిడ (ఈ పేరు రేడియోది. కోర్టుకు కావలసిన సంతకం దీని కింద విడిగా చేశాను.)

సాక్షులు, ఇద్దరూ నా ఎదుట సంతకం చేసినవారు:
ఎదురింటి దర్జీ.
మందుల దుకాణం ఆవిడ.
సాక్షులకు ఏమీ రాయకూడదు గనుక వీరికి ఏమీ రాయలేదు. చెప్పవలసింది నోటితో చెప్పాను.

చదివినవారికి: సూది చివరి గీతకు వచ్చింది. కాగితం మడిచి నా మనవరాలి చేతికివ్వండి. అమ్మా, ఇక లేవవచ్చు.