నాన్న ఒప్పుకోని తుప్పు

అక్కా, నేను కులాసా. వేళకి తింటున్నాను, బెంగపడకు.

ఇవాళ ల్యాబులో మా మేడం నాచేత ఇనుము దాచే ప్రొటీను ప్రయోగం చేయించింది. మన ఒంట్లోనూ ఉంటుందట, లోపల బోలుగా ఉండే బంతిలా. అది కలిపిన నీళ్ళలో ఇనుపద్రావణం చుక్కలు వేస్తుంటే, చూస్తూండగానే పాలు పోయని టీ రంగుకి తిరిగాయి. "ఇనుముని ఆ బంతి గోడలోనే పట్టుకుని, ఆక్సిజన్‌తో తుప్పు పట్టించి, లోపల దాస్తుంది. ఒంటికి కావలసినప్పుడు మళ్ళీ కరిగించి ఇస్తుంది" అంది మేడం.

తుప్పనగానే నాన్న గుర్తొచ్చాడు. ఉలి తడిగా వదిలేస్తే "తుప్పు పట్టిందా, ఇక అది మనది కాదు!" అని ఇల్లు పీకి పందిరేసేవాడు. నూనెగుడ్డతో రంపం తుడుస్తూ కూనిరాగం తీసేవాడు, గుర్తుందా?

ఆయన వడ్రంగిపెట్టె తుప్పు పట్టిపోయింది, పాతసామాన్లవాడికి వేసేస్తానని రాశావు. వెయ్యకు. నేనొచ్చి రుద్దుకుంటాను.

నీ రక్తపరీక్ష ఏమైంది? ఐరన్ మాత్రలు మానకు. అమ్మకి దణ్ణాలు, చంటిదానికి ముద్దులు.

కాగితంలో చోటైపోయింది. తుప్పు పట్టించి కూడా దాచుకోవచ్చంటే నాన్న నాతో పోట్లాటకి దిగేవాడు. ఆ పోట్లాట లేక ఇవాళంతా ఏమీ తోచలేదే.

నీ చెల్లి