ఇరవై ఒక్క ఆకులు, ఒకటే మొక్క

ట్రాయ్, మిషిగన్
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

నమస్కారాలు. మీ ఇంట్లో అందరూ కులాసాయేనా? బావగారి మోకాలు నొప్పి తగ్గిందా, లేక నీకు చెప్పకుండా మళ్లీ స్కూటర్ తీస్తున్నారా? చిన్నదాని జలుబు పోయిందా? నా సంగతి అడిగితే, బాగానే ఉన్నాను. ఆరోగ్యానికి లోటు లేదు, రెండు పూటలా తింటున్నాను. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మిగతా ఉత్తరం చదివితే నీకు అనుమానం వస్తుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. మా ఇంట్లో ఫోన్ స్పీకర్లో పెట్టే మాట్లాడతాం కదా. పక్కన మీ మరిదిగారు కూర్చుని "ఆ, ఇంకేంటి వదినగారూ" అంటుంటే నేను చెప్పగలిగేది కూరల సంగతులే.

చవితి ఫోటోల కింద ఫ్యామిలీ గ్రూపులో నువ్వు రాసింది చూశాను. "అమెరికాలో ఇరవై ఒక్క రకాల పత్రి ఎక్కడ దొరికిందే!" అన్నావు. ఆయన దాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించారు. జవాబు మాత్రం నేను రాయలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. మా పెరట్లోనే దొరికింది.

ఇక్కడ హోస్టా అని ఒక మొక్క ఉంది. నీడపట్టున పెరుగుతుంది. కొన్నిటి ఆకు తమలపాకంత, కొన్నిటిది విస్తరంత. ఒకటి నీలంగా, ఒకటి నిమ్మపండు రంగులో, ఇంకోటి పచ్చటి ఆకుకి తెల్లంచుతో, చూస్తే ఒక జాతివని ఎవరూ అనుకోరు. ఈ ఇల్లు కొన్నప్పుడు పెరటినిండా అవే. నాటిన ముసలావిడ పోయింది, ఇల్లు అమ్మిన కొడుక్కి ఒక్కదాని పేరూ తెలీదు. నాకు కావలసిందీ అదే. అనకాపల్లి కాలేజీలో అన్నేళ్లు బోటనీ చెప్పినదాన్ని, ఆయన వెంట హెచ్-ఫోర్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేయకూడదంటే, గిన్నెలు తోముకుంటూ ఎన్నాళ్లని కూర్చోను?

రెండు వేసవులు వాటి దగ్గరే కూర్చున్నాను. ఆకు ఈనెలు లెక్కపెట్టడం, వెనక బూడిదలాంటి పూత ఉందో లేదో చూడటం, కాడ మీద ఎర్రచుక్కలు, పువ్వు ఏ నెలలో వస్తుంది, వాసన ఉందా. ఒక్కొక్కటే పేరు దొరికింది. ఒకదాని పేరు బ్లూ మౌస్ ఇయర్స్, చిన్న ఆకు అచ్చం ఎలుక చెవే. పేరు దొరికిన రోజు నా మొహం చూసి ఆయన "ఏంటి, లాటరీ తగిలిందా?" అనేవారు. దాని పేరు ఇదండీ అని చెప్తే "ఓహో, గుడ్" అని మళ్లీ లాప్‌టాప్‌లోకి వెళ్లిపోయేవారు.

చివరికి ఒక్కటి మిగిలింది, కంచె మూలది. నీలి ఆకు, నడుమ పసుపు చార, అంచు చీర కుచ్చెళ్లలా మడతలు. వేసవి చివర తెల్లపువ్వు, సాయంత్రమైతే మల్లె వాసన. ఏ పుస్తకంలోనూ లేదు. మార్జరీ అని రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ ఉంది, ఇక్కడి హోస్టా క్లబ్బుకి ఆవిడే పెద్ద. ఆ మూల మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసి, ఇది నేనెప్పుడూ చూడలేదు అంది. ఫోటోలో ఆ నీలం రాదు, ఆకు చేత్తో పట్టుకుని చూడాలి, ఆదివారం క్లబ్బు వాళ్లందర్నీ తీసుకొస్తాను, మిగతావాటిని ఎలా గుర్తుపట్టావో నువ్వే మాకు చెప్పాలి అంది. నాలుగేళ్ల తర్వాత ఒకరు నన్ను చెప్పమని అడిగారక్కా. కాలేజీకి కట్టుకెళ్లే ఆ బెంగాల్ కాటన్ చీర తీసి ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

చవితి బుధవారమైనా ఇక్కడ శనివారమే చేస్తారు, ఆఫీసులుంటాయిగా. ఆ శనివారం మా ఇంటికి ఆయన ఫ్రెండ్స్ కుటుంబాలతో వచ్చారు. నేను వంటింట్లో ఉండ్రాళ్లు ఆవిరి పెడుతున్నాను. హాల్లో ఎవరో "పత్రి ఏదండీ?" అన్నారు. పోయినేడు పాలకూర, కొత్తిమీరతో కానిచ్చాం. మీ మరిదిగారి గొంతు వినబడింది: "మా బ్యాక్‌యార్డ్‌లో బోలెడు లీవ్స్ ఉన్నాయి, రండి! ఒక్కోటి ఒక్కో టైప్. ట్వెంటీ వన్ ఈజీగా వచ్చేస్తాయి!"

పొయ్యి కట్టేసి వచ్చేసరికి అయిపోయింది. తలా ఒక కత్తెర, తలా ఒక పళ్లెం, ఒక్కో ఇంటికీ ఒక్కో సెట్టు. పిల్లలు "అదర్ టైప్! అదర్ టైప్!" అని పరుగులు. పెరట్లో మిగిలినవి ఒట్టి కాడలు. మూలదానికీ కాడలే. దాని పువ్వు వచ్చినవాళ్లలో ఒకరు, పద్మగారి జడలో ఉంది. ఆవిడ నా వైపు తిరిగి, "మల్లెపూల వాసనొస్తోంది సుభద్రా, ఏం పువ్విది?" అంది.

"తెలీదండీ" అన్నాను. నిజమే కదా.

పూజలో మాచీపత్రం పూజయామి అంటే ఒక హోస్టా ఆకు, బృహతీపత్రం పూజయామి అంటే ఇంకో హోస్టా ఆకు. చవితి ముందురోజు క్లాసుకి మాచిపత్రి, ములక, ఉత్తరేణి, జిల్లేడు అన్నీ తీసుకెళ్లి చూపించినదాన్ని, ఒంగి ఆయన చెవిలో అన్నాను, "ఇవన్నీ ఒకటే మొక్కండీ." ఆయన నవ్వుమొహంతోనే, "ఇక్కడ ఎవరికి తెలుసే?" అన్నారు.

నాకు తెలుసు. ఇంట్లో ఆ లెక్కకి నేను రానని ఆరోజు అర్థమైంది. దేవుడికి కోపం లేదు, ఏదిచ్చినా పుచ్చుకుంటాడు. నాకుంది. సాయంత్రమే నిమజ్జనమని ఆకులన్నీ మూటకట్టి ఎవరో కార్లో లేక్‌కి పట్టుకెళ్లారు. నేను ఏడుస్తుంటే ఆయన విసుక్కున్నారు. "స్ప్రింగ్‌లో మళ్లీ వస్తాయి కదా! ఆకుల కోసం ఏంటీ గోల?"

తెల్లారి ఆదివారం పొద్దున్నే క్లబ్బు వాళ్లొచ్చారు. మార్జరీ ఆ కాడలు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓ, హనీ! డీర్?" ఇక్కడ జింకలొచ్చి ఇలాగే ఆకులు తినేసి కాడలు వదిలేస్తాయట. మీ మరిదిగారు కాఫీ కప్పుతో తలుపు దగ్గర నిలబడి అందరికీ హలో చెప్తున్నారు. నేను కాటన్ చీరలో నిలబడి, అవును, జింకలే అన్నాను. పరువు మనదే కదా. అందరూ వరసగా నా భుజం తట్టి వెళ్లిపోయారు. చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు మార్జరీ జింకలు రాకుండా కొట్టే మందు సీసా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. ఆయన అది తిప్పి తిప్పి చూసి, "మన వీధిలో జింకలు లేవు కదా?" అన్నారు.

"ఉన్నాయి" అన్నాను.

ఇంకో కబురు. మేం దేశానికి ఆ చివరనున్న రెడ్‌మండ్ వెళ్లిపోతున్నాం. ఆయనకి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఎక్కువ, మంచిదే, అమ్మకి చెప్పు సంతోషిస్తుంది. ఇల్లు అమ్మకానికి పెట్టాం. అక్కడ అపార్ట్‌మెంటు, మట్టి ఉండదు. స్ప్రింగ్‌లో మళ్లీ వస్తాయన్న రోజుకే ఆ ఆఫర్ ఆయన జేబులో ఉందని మొన్న తెలిసింది. అడిగితే, పండగ మూడ్ పాడవకూడదని చెప్పలేదన్నారు.

నిన్న చలిమంచు మొదటిసారి పడింది, మిగిలిన కాడలు కూడా చచ్చుబడ్డాయి. వేరు బతికే ఉంటుంది. మార్జరీని పిలిచి మూలదాన్ని తవ్వి ఇచ్చేశాను. ఆవిడ మొక్క పక్కన గుచ్చే రేకు ముక్క తీసి, పేరు తెలియని మొక్కైతే ఇచ్చినవాళ్ల పేరు రాయడం మా అలవాటు అంది. అక్షరం అక్షరం నన్నడిగి రాసుకుంది. పేరు తెలియదు, సుభద్ర ఇచ్చింది, అని.

వీసాలో, బ్యాంకులో, ఇంటి కాగితాల్లో అన్నిట్లో ఆయన పేరు వెనకే నేను. ఈ దేశంలో నా పేరు నాదిగా రాసి ఉన్నది ఆ రేకు ముక్కొక్కటే. అదీ ఇంకొకళ్ల పెరట్లో.

దిగులు పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే గుప్పెడు మాచిపత్రి ఎండబెట్టి పంపు, ఒకసారి వాసన చూడాలి. అమ్మకీ బావగారికీ నా దండాలు, పిల్లలకి ముద్దులు. నీ ఆశీర్వాదం ఉండనీ. ఈ సంగతి గ్రూపులో మాత్రం రాయకు. అడిగితే, పత్రి బాగుందనే చెప్పు.

నీ చెల్లెలు,
సుభద్ర