నుదుటి మీద రెండు స్టిక్కర్లు

జూన్ 3

నన్ను వీధంతా కత్తెరమ్మ అంటుంది. వయసు డెబ్బై రెండు. ఇంట్లో నేను, కూతురు, అల్లుడు, మనవరాలు. నాకు చదువు రాదు కాబట్టి మనవరాలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయాలి, సొంత సోకులు చేర్చకూడదు.

గుండెలో వాల్వ్ పాడైంది. ఆపరేషన్ చేయించుకుంటాను. ఈ వయసులో ఎందుకని అల్లుడు నసుగుతున్నాడు. నసగనీ.

చావంటే భయం లేదు. నేను జాకెట్లు కుట్టే మనిషిని. వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ నా తలలోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి మతిమరుపు వస్తుందట. గుండె బాగై తల ఖాళీ అయితే ఇక నేనెవరిని?

జూన్ 5

ఆ మాటే మత్తు డాక్టరమ్మను అడిగాను. ఆమె నవ్వలేదు. గుండె ఆపి, మెషీన్‌తో రక్తం తిప్పుతారట. ఆ సేపంతా నుదుటి మీద రెండు స్టిక్కర్లు ఉంటాయట. సూది లేదు, కోత లేదు. వాటిలోంచి వెలుతురు ఎముక దాటి లోపలికెళ్లి, మెదడుకు ఆక్సిజన్ ఎంత అందుతోందో నంబరు చూపిస్తుందట. తగ్గితే వెంటనే సర్దుతారట. తల చెడదని హామీ ఇస్తావా అంటే, ఇవ్వలేను, కానీ కళ్లు మూసుకుని మాత్రం పని చేయం అంది.

ఆ మాట నచ్చింది. నా తలలోకి దీపం పెట్టి చూస్తారు! సంతోషంలో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

జూన్ 8, మధ్యాహ్నం

రేపే ఆపరేషన్. స్టిక్కర్లు ముందే పెట్టి చూపించమని పట్టుబట్టాను. టెక్నీషియన్ అంటించాడు. కుడి పక్క అరవై ఆరు. ఎడమ పక్క ముప్పై ఎనిమిది. అందరి మొహాలూ మాడిపోయాయి. సగం తల ముందే పోయినట్టుందని అల్లుడు గొణిగాడు. విన్నాను. చెవులకేం రోగం లేదు.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి నా ఎడమ కనుబొమ్మ పైన పౌడరు తుడిచింది. చిన్నప్పటి దెబ్బ మచ్చ కనపడకుండా అమ్మ పొడిపించిన పచ్చబొట్టు ఉందక్కడ. ఆ సిరా వెలుతురును మింగేస్తోందట. స్టిక్కరు పక్కకు జరిపారు. అరవై అయిదు! అల్లుడి వైపు చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మనవరాలికి ఒక పని అప్పజెప్పాను.

“నేను లేవగానే మూలింటి టీచరమ్మ కొలత అడగవే. తప్పు చెప్పానంటే కత్తెర మీ అమ్మకిచ్చెయ్. నన్ను బుజ్జగించొద్దు.”

జూన్ 9

స్ట్రెచర్ వచ్చింది. పద.

జూన్ 12

గొట్టం తీశారు. గొంతు కీచుమంటోంది. మెషీన్ మీద ఉండగా నంబరు గబగబా దిగిందట. డాక్టరమ్మ కేకేసిందట, పంపు జోరు పెంచారట, మళ్లీ ఎక్కిందట. ఆ కథ మూడుసార్లు చెప్పించుకున్నాను.

మనవరాలు కొలత అడిగింది. ఛాతీ ముప్పై అయిదు అన్నాను. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ పాత జాకెట్టు ముందే కొలిచి పెట్టుకున్నారట. ముప్పై మూడట.

“ఏడుపాపి టేపు తీసుకెళ్లండే. ఆవిడకిప్పుడు అయిదో నెల. ఆపరేషన్‌కు ముందు నన్ను చూడ్డానికొచ్చినప్పుడే కంటితో కొలిచాను.”

జూన్ 13

ముప్పై అయిదే.

ఇది నా వేలిముద్ర. సాక్షులు: మత్తు డాక్టరమ్మ, మూలింటి టీచరమ్మ. అల్లుడు కూడా సంతకం పెడతానన్నాడు. పెట్టనిచ్చాను.