అమ్మ బొమ్మల షాపు

ఒరేయ్, బస్సు టైమైంది, నేను వెళ్తున్నా. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో. నాన్న మాత్ర వేసుకునేదాకా పక్కనే ఉండు.

షాపు సంగతి. పెద్ద సైట్‌లో పెడితే ఎక్కువమంది చూస్తారన్న నీ మాట నిజమే. కానీ అక్కడ సరుకు అయిపోగానే ఫొటో కూడా తీసేస్తారట. అమ్మ కుట్టిన గుడ్డబొమ్మలు బీరువాలో ఉన్నవే, ఇక కుట్టేవాళ్లు లేరు. అన్నీ అమ్ముడుపోయాక చూసుకోవడానికి మనకేం మిగులుతుంది? అందుకే ఇప్పుడున్న మన సొంత సైట్‌లోనే షాపు ఉంచుకుందాం. ఎప్పుడూ నీ మాటే నెగ్గాలా అంటావు. ఈ ఒక్కసారికీ నెగ్గనీరా.

ఏనుగుని మాత్రం అమ్మకానికి పెట్టకు. దాని చెవి అమ్మ సగమే కుట్టింది. సూది ఇంకా దానికే ఉంది, చెయ్యి జాగ్రత్త.

అక్క

మర్చిపోయా. కుందేళ్లు ఒక్కటీ మిగల్లేదు కదా, మన సైట్‌లో వాటి ఫొటో కింద "త్వరలో మళ్లీ వస్తుంది" అని దానంతటదే పడుతోంది. ముందు అది తీసెయ్. ఆ ఫొటోలో కుందేల్ని పట్టుకుని అమ్మ ఉంది. పొద్దున నాన్న ఆ మాట పైకి చదివి, "ఎప్పుడటే?" అని నన్నడిగాడు.