చిటికెన వేలు కోయకండి

అత్తయ్యా,

మీ గ్యాలరీలో అమ్మకానికి పెట్టిన నా బొమ్మ బేరం ఆపేయండి. అదే, పాత చీరముక్కలు, రంగులు, చెల్లి చేతి ప్లాస్టర్ అచ్చు కలిపి చేసింది. అద్దం బిగించడానికి చట్రం దాటి వచ్చిన చిటికెన వేలు అడ్డమట, కోయించమన్నాడట కొనేవాడు. "రంపంతో రెండు నిమిషాల పని" అని మీరు తేలిగ్గా మెసేజ్ పెట్టారు.

అచ్చు విప్పిన రోజు చెల్లి తన చేతిని చూసుకోలేదు. ప్లాస్టర్ వేళ్లనే చూస్తూ వాటిని ఆడించబోయింది.

మొన్న చెల్లి అన్నం కలుపుతూ ఉలిక్కిపడి, "అత్తయ్య దగ్గర ఎవడే వాడు, నా చెయ్యి పట్టుకుని వదలడేం?" అంది. పడీపడీ నవ్వాను. కొనేవాడు ఆ ప్లాస్టర్ చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడని అదే సాయంత్రం మీరే చెప్పారు.

చదువుకున్నదానివి, ఇవేం మాటలే అంటారు. అనండి, పడతాను. రంపం మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ మెయిల్ పెడుతున్నాను. చెల్లి నా పక్కనే చిటికెన వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అక్కా, ఎవరో వేలి మీద పెన్సిల్‌తో గీత గీస్తున్నారే" అంటోంది.

ఆ గీత దగ్గరే ఆపించండి, అత్తయ్యా.