గిన్నె తిప్పి తాగేవాళ్లు

డోంగ్వాన్,
నవంబరు, 2004

నాన్నా,

అమ్మ పక్కనుంటే ఈ ఉత్తరం పైకి చదవకు.

ఇక్కడ నా పేరు సూయున్ కాదని నీకు తెలుసు. షాన్‌డోంగ్ అత్త కూతురి గుర్తింపు కార్డు మీదే మూడేళ్లుగా ఈ ఫ్యాక్టరీలో బొమ్మలు కుడుతున్నాను. గేటుకి మన రాష్ట్రం పేరు పెట్టి మరీ ‘హెనాన్ వాళ్లకు పని లేదు’ అని బోర్డు వేలాడుతుంటే ఇంకేం చేయను? ఇక్కడ సైకిలు పోతే హెనాన్ వాడే, జేబు తెగితే హెనాన్ వాడే. ఆ మాటలకు అందరితో కలిసి నేనూ నవ్వాను. మనూళ్లోలా గొంతుక్కూర్చుని తినడం మానేశాను.

ఎండాకాలం ఆర్డర్ల తొందరలో ఆ బోర్డు తీసి లోపల పెట్టి, యింగ్లాన్ అనే అమ్మాయిని తీసుకున్నారు. మన పక్క జిల్లాయే. ఎవరడిగినా హెనాన్ అని బిగ్గరగా చెప్పేది. పొద్దున్నే హాస్టలు మెట్ల కింద గొంతుక్కూర్చుని, వేడి జావ గిన్నెను పెదవుల దగ్గర గుండ్రంగా తిప్పుతూ, అంచు నుంచి జుర్రుకునేది, అచ్చం నీలాగే. ఆ చప్పుడు వింటే నాకు ఇల్లు గుర్తొచ్చేది, భయమూ వేసేది.

నెల క్రితం సూపర్‌వైజరు లియాంగ్ మేడమ్ బంగారు గొలుసు పోయింది. “గదికి పెద్దవి నువ్వు. నీకెవరి మీద అనుమానం?” అని అడిగింది. ఎక్కడ నా కార్డు చూపమంటుందోనని ఆలోచించకుండా నోరు తెరిచాను.

“హెనాన్ పిల్ల ఉందిగా మేడమ్. వాళ్ల సంగతి తెలిసిందేగా” అన్నాను.

యింగ్లాన్ అక్కడే ఉంది. నన్ను ఒక్కసారి చూసింది, ఏమీ అనలేదు. మధ్యాహ్నానికల్లా పెట్టెతో సహా గేటు బయట నిలబెట్టారు.

మొన్న దుప్పటి గలేబు ఉతుకుతుంటే గొలుసు అందులో దొరికింది. మేడమ్ బట్టలూ నావీ డాబా మీద ఒకే తీగకు ఆరేస్తాం, ఏ జేబులోంచో జారి ఉంటుంది. తిరిగిస్తే నన్నే నిలదీస్తారు, కార్డు తిరగేస్తారు. ఇవ్వకుండా ఉందామంటే, మెట్ల కింద ఎవరూ లేకపోయినా రోజూ పొద్దున ఆ జుర్రే చప్పుడు వినిపిస్తోంది. తను వదిలేసి వెళ్లిన గిన్నె నా పెట్టెలో దాచాను. ఏం చేయమంటావు?

నీ
సూయున్


సూయున్ తల్లీ,

నీ ఉత్తరం రాకముందే ఆ అమ్మాయి మనింటికి వచ్చింది. అక్కడున్నప్పుడు హాస్టలు ఉత్తరాలు పోస్టులో వేస్తూ నీ కవరు మీద మన అడ్రసు చూసిందట. మీ అమ్మ కొర్రజావ పోసింది.

“బాబాయ్, మీ అమ్మాయికి ఒక్క మాట రాయండి. జావ వేడిగా ఉంటే తనకు తెలియకుండానే గిన్నె తిప్పుతోంది. తనది మన వైపేనని నేను మొదటిరోజే పోల్చుకున్నాను. ఇంకెవరైనా పోల్చుకుంటారు” అంది. పని ఎందుకు మానేశావంటే సరిపడలేదు అంది.

నీ ఉత్తరం చదివాక సైకిలెక్కి వాళ్ల ఊరెళ్లాను. గొలుసు దొరికిన సంగతి చెప్పలేదు, అది చెప్పాల్సింది నువ్వు. ఆ రోజు నోరు విప్పి, ఈ పిల్లదీ మా వైపే అని ఎందుకనలేదమ్మా అని మాత్రం అడిగాను.

“అంటే ఏమయ్యేది బాబాయ్? ఒక దొంగ బదులు ఇద్దరయ్యేవాళ్లం. ఒక్కరైనా మిగిలారు” అంది.

నిన్ను తిట్టాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చేతకాలేదు. తన అడ్రసు కింద రాస్తున్నాను.

నాన్న


యింగ్లాన్ చెల్లీ,

ఈ పిలుపు నీకిష్టం లేకపోతే కొట్టేసి చదువుకో.

గొలుసు నా గలేబులోనే దొరికింది. ఇన్నాళ్లూ దాచాను. నిన్న పొద్దున లియాంగ్ మేడమ్ బల్ల మీద పెట్టి, నా అసలు పేరు చెప్పాను, ఊరు చెప్పాను, నువ్వు తీయలేదని అందరి ముందూ చెప్పాను. నీ మీద పడ్డ మచ్చ పోతుందనుకున్నాను.

మేడమ్ గొలుసు మెడలో వేసుకుంది. “నేనప్పుడే అనలేదూ? ఆఖరికి హెనాన్ వాళ్ల దగ్గరే తేలింది” అంది.

మూడేళ్లు నా పక్కన కూర్చుని కుట్టినవాళ్లు కూడా తలూపారు. నువ్వు మిగిల్చిన ఒక్కరూ మిగల్లేదు చెల్లీ. నాకు సిగ్గుగా ఉంది, మేడమ్ ముందు కాదు, నీ ముందు.

నన్నూ పెట్టెతో బయటికి పంపి, గేటుకి మళ్లీ బోర్డు కట్టారు. దాని కిందే, పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాను. బండివాడి దగ్గర నీ గిన్నెలో జావ పోయించుకుని, తిప్పుకుంటూ తాగాను. అందరూ చూశారు. చివరిదాకా తాగాను.

గిన్నె కడిగి తెస్తున్నాను. తలుపు తీయకపోతే గుమ్మం దగ్గర పెట్టి వెళ్తాను.

హెనాన్
సూయున్